గోలలో ఒక గొంతు

ఆంధ్ర, తమిళ, కన్నడ సీమలు కలియు చోటికి చేరువనున్న ఊరు కుప్పము. బస్సు స్టాండులో నిలిచినవాని చెవిని మూడు భాషలును ఒక్కసారే తాకును. వానిపై కండక్టర్ల కేకలు, హారన్ల మ్రోత. ఇంత సందడిలోను చెవులు బాగున్నవాడు ప్రక్కవాని మాటను ఏరుకొని వినగలడు. ఈ నేర్పును బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు కోలిన్ చెర్రీ 1953లో ప్రయోగములతో పరిశీలించినాడు. వినికిడి తగ్గిన ముసలివానికి ఆ భాగ్యము లేదు. ఒకే మైక్రోఫోను గల యంత్రమును చెవికి తగిలించుకొన్నచో మాటతోపాటు హారను కూడ పెద్దదగును. శబ్దమును పెంచుట సులభము, ఏరుటయే కష్టము.

ఏరవలెనన్న మైక్రోఫోనులు ఒకటి చాలవు. ఎనిమిదింటిని 5 సెంటీమీటర్ల ఎడముతో ఒక కర్రపై వరుసగా బిగించినారనుకొనుడు. గాలిలో ధ్వని సెకండునకు సుమారు 345 మీటర్లు పోవును. వరుసకు సరిగా ఎదుట, కొంత దూరమున నిలిచినవాని గొంతు ఎనిమిదింటిని ఇంచుమించు ఒకేసారి చేరును. కర్ర కొనవైపునుండి వచ్చు హారను మాత్రము ఒకదానిని తాకి ప్రక్కదానిని చేరుటకు సెకండులో ఏడువేలవ వంతు పట్టును. అన్నిటి సంకేతములను కలిపినప్పుడు గొంతు తరంగములు ఒకదానిపై నొకటి పేరుకొని బలపడును. హారను తరంగములు చాలవరకు తమలో తామే చెరిగిపోవును. గ్రానైటు గనిలో కూలీలు బండను కదల్చునపుడు అందరును ఒకే క్షణమున పట్టు వేయనిచో ఎందరున్నను ఫలము లేదు గదా!

మాటలాడువాడు ప్రక్కకు జరిగినచో కర్రను త్రిప్పనక్కరలేదు. ముందు అందిన సంకేతమును కొంచెము ఆపి, వెనుక అందినదానితో కలిపిన చాలును. తిరుపతికి చేరువలోని గాదంకిలో 1990 దశకము తొలినాళ్ళలో నెలకొల్పిన 1024 యాంటెన్నాల రాడారు కూడ, కదలక మెదలక, ఈ యుక్తితోనే తన కిరణమును ఆకాశమున త్రిప్పును.

అయితే ఎంతసేపు ఆపవలెను? అసలు చిక్కు ఇదియే. గదిలో గోడలనుండి తిరిగివచ్చు ప్రతిధ్వని కూడ అదే గొంతు. అది వేరు దిక్కులనుండి వచ్చి లెక్కను తప్పించును. మనిషి మాటలాడునపుడు స్వరతంత్రులు సెకండునకు నూరు మొదలు మూడువందలమార్ల వరకు మూసికొనును. మూసికొన్న ప్రతిసారి ఒక తాకిడి పుట్టును. ఈ తాకిడుల నడుమనున్న కాలము, నేరుగా వచ్చు ధ్వనిలో, ఏ మైక్రోఫోనువద్దనైనను ఒక్కటే. ఆ గుర్తులను సరిపోల్చి ఆలస్యమును కనుగొను పద్ధతిని బయ్యా యజ్ఞనారాయణ, ఆయన సహచరులు 2005లో ప్రచురించినారు. మద్రాసు ఐ.ఐ.టి.లో చాలకాలము బోధించిన ఆయన తరువాత హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.లో వాక్కుపై పరిశోధన సాగించినారు.

లారీ ఇంజను గొణుగుడుకు ఈ కర్ర లొంగదు. సెకండునకు 200 కంపనములు గల ధ్వని తరంగము 1.7 మీటర్ల పొడవు. దాని ముందు 35 సెంటీమీటర్ల వరుస ఏపాటిది? చెవి యంత్రములో ఇంతటి వరుసకు చోటే లేదు. సుమారు ఒక సెంటీమీటరు ఎడముతో రెండు మైక్రోఫోనులు మాత్రము పట్టును. అవి సామాన్యముగా ముఖమున్న వైపు శబ్దమునే ఎక్కువగా తీసికొనును. కనుక బస్సు స్టాండులో ముసలివాడు కండక్టరు వైపు తిరిగి నిలువవలెను. వెనుకనుండి మనుమడు పిలిచిన పిలుపు హారనుతోపాటే తగ్గిపోవును.