తెల్లకోటుకు ముందు ఒక వేసవి

అరటిపండును కుట్టడం నేనెక్కడా చూళ్లేదు. మొన్న వేసవిలో న్యూజెర్సీలో అక్కావాళ్లింట్లో చూశాను. రాత్రి భోజనాలయ్యాక టేబుల్ తుడిచి, పాత పేపరు పరిచి, దానిమీద ఒక అరటిపండు పెట్టుకుంది పదహారేళ్ల అక్క కూతురు. తొక్కమీద బ్లేడుతో రెండంగుళాల గాటు పెట్టింది. ఒక చేతిలో పట్టకారు, ఇంకో చేతిలో సూదిని పట్టుకునే కత్తెరలాంటి పనిముట్టు. సూది నెలవంకలా వంగి ఉంది. ఒక కుట్టు, ముడి, దారం కత్తిరింపు. మళ్లీ పక్కన ఇంకో కుట్టు. నాలుగో దాని దగ్గర తొక్క చిరిగింది.

పక్కన కూర్చుని చూస్తున్న మా అమ్మ ఉండబట్టలేకపోయింది. యాభై ఏళ్లు పూలు కట్టిన చెయ్యి ఆవిడది. "అంత బిగిస్తే ఎట్లాగే? మల్లె కాడ తెగినట్టు తెగుతుంది. ఆనీ ఆననట్టు వెయ్యి."

పిల్ల తలెత్తి చూసింది. "అమ్మమ్మా, పొద్దున క్లాసులో అచ్చం ఇదే చెప్పారు!"

గాయం అంచులు ఒకదానికొకటి చేరితే చాలట. దారం మరీ బిగిస్తే అంచులకు రక్తం అందక అక్కడి కండ చచ్చిపోతుంది. సర్జన్లు కాబోయేవాళ్లకు మొదట నేర్పే మాట ఇదేనని చెబుతూ పిల్ల ఐదో కుట్టుకు సూది ఎత్తింది.

ఆ పిల్ల ఇంకా హైస్కూల్లోనే ఉంది. అక్కడి ఒక యూనివర్సిటీ రెండు వారాలపాటు నడిపే వేసవి కోర్సులో చేరింది. అమెరికాలో వీటిని ప్రీ కాలేజ్ కోర్సులంటారు. జూన్ చివర మొదలై ఆగస్టు దాకా నడుస్తాయి. వైద్యం, మెదడు శాస్త్రం, ప్రజారోగ్యం వాటిలో బాగా గిరాకీ ఉన్నవి. అక్కడ డాక్టర్ కావాలంటే నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ పరీక్ష, నాలుగేళ్ల మెడికల్ స్కూలు, ఆపైన మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ. అంత దూరం నడిచే ముందు ఆ దారి ఎలా ఉంటుందో తొంగి చూడనివ్వడమే ఈ కోర్సుల ఉద్దేశం.

గొర్రె మెదడు బరువెంత?

మొదటి వారంలోనే పిల్ల చేతికి గొర్రె మెదడు ఇచ్చారు. తొడుగులేసుకున్నా ఇంటికొచ్చేసరికి జుట్టుకు మందునీళ్ల వాసన పట్టి ఉంది. తను ఎన్నిసార్లు చెప్పిందో ఆ సంగతి! గొర్రె మెదడు నూట నలభై గ్రాములుంటుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. మనిషిది దానికి దాదాపు పది రెట్లు. గొర్రెకు వాసన పసిగట్టే గడ్డలు ముందువైపు పెద్దగా పొడుచుకొచ్చి ఉంటాయి, మనకవి చిన్నవి. నిలువునా రెండుగా కోస్తే వెనకనున్న చిన్నమెదడు లోపల తెల్లటి కొమ్మలు, రెమ్మలతో ఒక చెట్టు కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు దానికి లాటిన్‌లో జీవవృక్షం అని పేరు పెట్టారు.

"బొమ్మలో చూసినప్పుడు చెట్టని ఎందుకన్నారో తెలీలేదు పిన్నీ, కోశాక తెలిసింది" అంది.

మా ఊళ్లో బైపీసీ చదివే పిల్లలకు ఆ బొమ్మ కంఠతా వచ్చు. భాగాల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. వాళ్లలో ఎంతమంది ఒక్కసారైనా మెదడును చేత్తో పట్టుకుని చూశారో ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కింది.

డబ్బు సంగతి

ఈ కోర్సులన్నీ గొప్పవని చెప్పను. చాలావాటికి రెండు వారాలకే వేల డాలర్లు కట్టాలి. కొన్ని సంస్థలు బంగారు ముద్ర వేసిన కవరులో "మీ అమ్మాయి ఎంపికైంది" అని ఉత్తరం పంపుతాయి. అక్కకూ వచ్చింది. ఆనందపడి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. వారం తిరక్కుండా అదే కవరు ఆ వీధిలో మరో ముగ్గురు తెలుగువాళ్ల ఇళ్లకు వచ్చిందని తెలిసింది. పిల్ల కళ్లల్లో అప్పటిదాకా ఉన్న వెలుగు తగ్గడం నేను ఫోన్లోనే చూశాను. పసిమనసు ఆశతో ఇలా వ్యాపారం చేయడం తప్పు. అంతకన్నా మెత్తని మాట నాకు దొరకలేదు.

అక్కడి తెలుగు కుటుంబాల్లో బీఎస్ ఎండీ అనే మాట రోజూ వినిపిస్తుంది. ఇంటర్ తర్వాత మన దగ్గర నేరుగా ఎంబీబీఎస్‌లో చేరినట్టే, హైస్కూలు నుంచే మెడికల్ సీటు ఖాయం చేసే కోర్సులవి. మిస్సోరి యూనివర్సిటీ కాన్సస్ సిటీలో ఆరేళ్లది, బ్రౌన్ యూనివర్సిటీలో ఎనిమిదేళ్లది ఉన్నాయి. ఆ సీట్లు చాలా తక్కువ. వేసవి కోర్సు సర్టిఫికెట్ ఉంటే సీటొస్తుందని తల్లిదండ్రులు అప్పు చేసైనా కడుతున్నారు. తమ వేసవి కోర్సులో చేరినంత మాత్రాన అడ్మిషన్‌లో మొగ్గు ఉండదని చాలా యూనివర్సిటీలు తామే రాసి పెడుతున్నా ఆ నమ్మకం పోవడం లేదు.

పైసా తీసుకోకుండా నేర్పేవీ ఉన్నాయి. డబ్బులేని ఇళ్ల పిల్లల కోసమే 1988లో స్టాన్‌ఫర్డ్ మెడికల్ యూత్ సైన్స్ ప్రోగ్రాం పెట్టారు. ఎంఐటీలో ఆరు వారాల రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు ట్యూషన్ ఫీజు లేదు. అసలు వీటన్నిటికీ పెద్దన్నలాంటిది మెయిన్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున ఉంది. బార్ హార్బర్ ఊరి జాక్సన్ ల్యాబొరేటరీ అది. అక్కడ పిల్లలు ఎలుకల మీద పెద్దవాళ్లు చేసే పరిశోధనే చేస్తారు, ఉండడానికీ తినడానికీ ల్యాబొరేటరీయే చూసుకుంటుంది.

1955 వేసవిలో అక్కడికి డేవిడ్ బాల్టిమోర్ అనే పదిహేడేళ్ల న్యూయార్క్ కుర్రాడు వచ్చాడు. అక్కడే అతనికి హోవర్డ్ టెమిన్ పరిచయమయ్యాడు. స్వార్త్‌మోర్ కాలేజీలో చదివినవాడు, వయసులో మూడు నాలుగేళ్లు పెద్ద. చిన్నవాళ్లకు అన్నలా ఉండేవాడు. బాల్టిమోర్ ఆ తర్వాత అదే స్వార్త్‌మోర్‌లో చేరాడు. పదిహేనేళ్లు గడిచాయి. ఒకరు విస్కాన్సిన్‌లో, ఒకరు ఎంఐటీలో, ఎవరి దారిన వాళ్లు పనిచేస్తూ 1970లో ఒకే ఎంజైమును పట్టుకున్నారు. ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏను రాసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అది. 1975లో వాళ్లిద్దరికీ, రెనాటో డల్బెకోకూ కలిపి నోబెల్ వచ్చింది.

కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని ఫలితం కోసం ఎదురుచూసిన ప్రతి తెలుగింటికీ ఆ వేసవితో సంబంధం ఉంది. ఆర్టీపీసీఆర్‌లో మొదటి రెండక్షరాలు ఆ ఎంజైమువే.

మన బ్రిడ్జి కోర్సు

మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి పరీక్షలు అయ్యీ కాకముందే వేసవి కోర్సు మొదలవుతుంది. దాన్ని బ్రిడ్జి కోర్సు అంటాం. ఇంటర్ సిలబస్‌ను ముందే అందుకోవడం దాని పని. సెలవుల్లో తరగతులు వద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది, బస్సులు ఏటా తిరుగుతూనే ఉంటాయి. 180 ప్రశ్నలు, 720 మార్కుల నీట్ కోసం ఆ పరుగు. పిల్లల మీద ప్రేమతోనే చేరుస్తాం, అందులో నాకు అనుమానం లేదు. కానీ పదిహేనేళ్లకే "మావాడు డాక్టర్" అని నిర్ణయించే మనం ఆ పిల్లవాణ్ని ఒక్కపూటైనా వార్డులో నిలబెట్టం. రక్తం చూస్తే వాడికి కళ్లు తిరుగుతాయో లేదో వాడికే తెలీదు. ఎంబీబీఎస్‌లో కూడా మొదటి ఏడాదే రోగి దగ్గరికి తీసుకెళ్లాలన్న పద్ధతి 2019 కొత్త సిలబస్‌తోనే గట్టిగా వచ్చింది.

మనకు చేతకాక కాదు. తొమ్మిదో తరగతి పిల్లలను వేసవిలో పిలిచి అన్ని ఖర్చులూ భరించి అంతరిక్షం గురించి నేర్పే యువికను ఇస్రో 2019 నుంచి నడుపుతోంది. హైదరాబాద్ సీసీఎంబీ హైస్కూలు పిల్లలను తన ల్యాబుల్లోకి రానిస్తూ యంగ్ ఇన్నోవేటర్స్ ప్రోగ్రాం పెట్టింది. రాకెట్టుకు దొరికిన చోటు రోగికి ఎందుకు దొరకకూడదు? తెలంగాణలో జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ప్రతి కాలేజీ మే నెలలో ముప్పై మంది పదో తరగతి పిల్లలకు రెండు వారాలు తలుపు తీస్తే చాలు. ఒకరోజు అనాటమీ మ్యూజియం, రెండు రోజులు ఆశా కార్యకర్త వెంట ఇంటింటికీ, ఒక రాత్రి క్యాజువాలిటీ బయట బెంచీ మీద. నర్సు పని, ఫిజియోథెరపీ, ల్యాబు పని కూడా అప్పుడే కనిపిస్తాయి. కొందరు "ఇది నావల్ల కాదు" అని వెనక్కి వస్తారు. ఆ ఇంటికి అది నష్టం కాదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో రెండేళ్లు పోగొట్టుకుని ఆ మాట అనడంకన్నా పదిహేనేళ్లకు అనడం ఎంతో మేలు.

ప్రజారోగ్యం కోర్సుల్లో అమెరికా పిల్లలకు 1854 నాటి లండన్ కలరా కథ తప్పక చెబుతారు. జాన్ స్నో అనే డాక్టర్ చావులన్నీ మ్యాపు మీద గుర్తుపెట్టి బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపును పట్టుకున్నాడు. మన పిల్లలకు ఆ మ్యాపు ఇంటి ముందే ఉంది. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లకు వంగిన ఎముకలున్నాయి. శ్రీకాకుళం ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లే కిడ్నీ జబ్బుతో తల్లడిల్లుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ఉంది. కంచిలి, కవిటి బడుల పిల్లలు వేసవిలో అక్కడికెళ్లి తమ తాతల జబ్బు గురించి ప్రశ్నలడిగే రోజు రావాలని నాకెంతో కోరిక.

తాతయ్య పాట

రెండో వారంలో ఒక రాత్రి పిల్ల ఆలస్యంగా తిండికి కూర్చుంది. ఆరోజు క్లాసులో లెబోర్న్ అనే రోగి గురించి చెప్పారట. పారిస్ దగ్గరి ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు. నోటినుంచి వచ్చేది ఒక్క "టాన్" మాత్రమే. 1861లో అతను చనిపోయాక పాల్ బ్రోకా మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మాట్లాడడానికి మెదడులో చోటుందని అప్పుడు తెలిసింది.

"ఆయనకు మనం చెప్పేది చాలావరకు అర్థమయ్యేది పిన్నీ. మాట బయటికి రావడానికే దారి లేదు."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. నాన్నకు పక్షవాతం వచ్చాక మిగిలింది "అదే" అన్న ఒక్క మాట. ఆకలైనా అదే, నొప్పైనా అదే. ఆయన మంచం పక్కనే కూర్చుని ఆసుపత్రి ఖర్చుల గురించి, ఇంకెన్నాళ్లుంటారోనన్న దాని గురించి మాట్లాడుకున్నాం. ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాం.

అమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత అడిగింది. "మరి పాటెట్లా వచ్చేదే? సాయంత్రం దీపం పెట్టి నేను కీర్తన అందుకుంటే, మీ తాతయ్య పల్లవి నాతోపాటు పాడేవారు. మాటలన్నీ వచ్చేవి."

పిల్ల దగ్గర సమాధానం లేదు. కంచం పక్కకు జరిపి ఎడమ చేత్తో నోటుబుక్కు లాక్కుంది.

"రేపు అడుగుతాను. ఏ కీర్తన అమ్మమ్మా? ఏ మాటలు బాగా పలికేవారు, ఏవి తడబడేవారు?"

అమ్మ కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెబుతుంటే, పిల్ల తన వంకర తెలుగక్షరాల్లో రాసుకుంది.