గ్రూపులో చేర్చినా ఫైలు ఎందుకు తెరుచుకోదు?

ఆఫీసు సర్వర్‌లో మిమ్మల్ని ‘అకౌంట్స్’ గ్రూపులో చేర్చామని అడ్మిన్ చెబుతాడు. మీరు ఫైలు తెరవబోతే తెర మీద ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. అడ్మిన్ చెప్పింది నిజమే. లినక్స్ వద్దన్నదీ సరైన లెక్క ప్రకారమే.

మీరు ఎవరో లినక్స్ దృష్టిలో తెలుసుకోవాలంటే టెర్మినల్‌లో ‘ఐడీ’ అని కొట్టండి. మీ నంబరు, మీ ప్రధాన గ్రూపు నంబరు, మీరున్న మిగతా గ్రూపులు ఒకే వరుసలో వస్తాయి. లినక్స్ కేంద్రభాగమైన కెర్నల్‌కు నంబర్లే ముఖ్యం. పేర్లు మన సౌకర్యం కోసం. 0 నంబరున్న ఖాతాయే అన్ని అధికారాలున్న రూట్.

చిక్కు ఇక్కడుంది. గ్రూపుల జాబితా లాగిన్ అయినప్పుడే, మీ కమాండ్లు అందుకునే షెల్‌కు అందుతుంది. అక్కణ్ణుంచి మీరు నడిపే ప్రతి ప్రోగ్రాముకూ అదే వెళ్తుంది. మధ్యలో అడ్మిన్ గ్రూపుల ఫైలును మార్చినా ఆ పాత జాబితా మారదు. ‘ఐడీ’ తర్వాత మీ యూజర్ పేరు కూడా కొట్టి చూడండి: ఈసారి ఖాతాల వివరాల్లోంచి చదువుతుంది కాబట్టి కొత్త గ్రూపు కనిపిస్తుంది. రెండు జవాబులూ వేరుగా ఉంటే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాల్సిందే.

ఇక ఫైలు వైపు. ‘ఎల్ఎస్ -ఎల్’ కొడితే ప్రతి వరుస మొదట్లో పది అక్షరాలుంటాయి. మొదటిది రకం: మామూలు ఫైలుకు గీత, డైరెక్టరీకి ‘డి’. తర్వాతి తొమ్మిది మూడేసి చొప్పున యజమానికి, గ్రూపుకు, మిగతా అందరికీ. ఆర్ అంటే చదవడం, డబ్ల్యూ అంటే రాయడం, ఎక్స్ అంటే నడపడం. వీటి విలువలు 4, 2, 1. అందుకే 640 అంటే యజమాని చదివి రాస్తాడు, గ్రూపు చదువుతుంది, ఇతరులకు ఏదీ లేదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ నుంచి మనకు దక్కిన ఏర్పాటిది.

ఈ మూడు వరసల్లో కెర్నల్ చూసేది ఒక్కటే. మీరు యజమాని అయితే యజమాని వరస చూసి ఆగిపోతుంది. అక్కడ ఆర్ లేకపోతే, గ్రూపుకు ఆర్ ఉన్నా, మీరు ఆ గ్రూపులోనే ఉన్నా చదవలేరు. వినడానికి వింతగా ఉన్నా నియమం అదే.

డైరెక్టరీల దగ్గర అర్థాలు మారతాయి. అక్కడ ఎక్స్ అంటే లోపలికి వెళ్లే అనుమతి. దారిలోని ఒక్క డైరెక్టరీకి అది లేకపోయినా చివర ఉన్న ఫైలు అందదు. ‘నేమై -ఎల్’ తర్వాత పూర్తి దారి ఇస్తే ఒక్కో మెట్టు అనుమతులూ వరుసగా చూపిస్తుంది. నాకు తెలిసి ఇంత మేలు చేసే కమాండ్‌ను ఇంత తక్కువమంది వాడటం అన్యాయం. ఇంకో సంగతి: ఫైలును చెరిపేసే హక్కు ఫైలు మీద ఉండదు, అది ఉన్న డైరెక్టరీ మీద ఉంటుంది. అందరూ రాయగలిగే ‘టెంప్’ డైరెక్టరీలో ఒకరి ఫైలును ఇంకొకరు చెరపకుండా ఆపేది చివర కనిపించే ‘టి’ అక్షరం.

ఇవేవీ చూడకుండా అనుమతులు మార్చే ‘సీహెచ్‌మాడ్ 777’ కొట్టేస్తే ఆ మెషీన్‌లో ఖాతా ఉన్న ప్రతివారికీ మీ ఫైలును మార్చే వీలు వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ముందు ‘ఐడీ’, తర్వాత ‘నేమై’ కొట్టి, లోపం ఉన్నచోటే సరిచేయండి.