వార్తల్లో పదం: పెరిటోనియల్ డయాలసిస్

డయాలసిస్ అనగానే కిడ్నీలే గుర్తొస్తాయి. పెరిటోనియల్ డయాలసిస్‌ను గుండె జబ్బుకూ వాడతారంటే, గుండెకు డయాలసిస్ ఏమిటన్న సందేహం సహజం. గుండె బలహీనపడితే కిడ్నీలకు అందే రక్తం తగ్గుతుంది, సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచిపోతాయి. కాళ్లు వాస్తాయి, పొట్ట ఉబ్బుతుంది, పడుకుంటే ఆయాసం. ఫ్యూరోసెమైడ్ లాంటి మందులతో చాలామందిలో మూత్రం బాగా వచ్చి వాపు తగ్గుతుంది. కొందరికి మాత్రం మోతాదు ఎంత పెంచినా ఫలితం ఉండదు.

అప్పుడు ఆదుకునేది పెరిటోనియం, అంటే పొట్ట లోపలి పలుచటి పొర. చిన్న గొట్టం గుండా గ్లూకోజ్ కలిపిన ద్రవాన్ని పొట్టలోకి పంపి కొన్ని గంటలు ఉంచుతారు. ఉప్పు కలిపిన మామిడి ముక్కలు ఊట వదిలినట్టే, రక్తంలోని అదనపు నీరు ఆ పొర దాటి ద్రవంలోకి దిగుతుంది. దాంతోపాటు కొంత సోడియం కూడా. తర్వాత ఆ ద్రవాన్ని బయటికి వదిలేస్తారు. గ్లూకోజ్‌కు బదులు ఐకోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం కలిపిన ద్రవమైతే రాత్రి నింపి పొద్దున తీసేసినా కొందరికి సరిపోతుంది.

మెల్లగా జరగడమే దీని గొప్ప. మెషిన్‌తో రక్తాన్ని శుద్ధిచేసే మామూలు డయాలసిస్‌లో 4 గంటల్లో నీరు లాగేస్తే నీరసించిన గుండె తట్టుకోలేక బీపీ పడిపోవచ్చు. ఇక్కడ ఆ కుదుపు తక్కువ, పైగా ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇది గుండెను బాగుచేయదు. ఆసుపత్రిలో గడిపే రోజులు తగ్గుతున్నాయని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. ఆయుష్షు పెంచుతుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు. శుభ్రత తప్పితే పొరకు ఇన్‌ఫెక్షన్ సోకుతుంది. బయటికొచ్చే ద్రవం మసకగా ఉన్నా, కడుపునొప్పి మొదలైనా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి.