దోవకు తగిన పళ్ళు, బండికి తగిన చెయిను



ఈ పూట విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని మాట్లాడబోవడం లేదు. మిమ్మల్ని ఇంటి నుంచి చేనికి, చేని నుంచి మార్కెట్టుకు మోసుకుపోయే మోటారు సైకిలు గురించి, అందులోనూ దాని చెయిను గురించి నాలుగు మాటలు చెబుతాను. “వ్యవసాయం ఆఫీసరుకు చెయినుతో ఏం పని?” అని అడుగుతారేమో. పని ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో నేటి సేద్యం సగం ఈ రెండు చక్రాల మీదనే నడుస్తున్నది. పట్టుగూళ్ళ మూట, యూరియా బస్తా, పాల క్యాను, మందు కొట్టే డ్రమ్ము, ఒక్కోసారి ఇంటిల్లిపాదీ దాని మీదనే ప్రయాణం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. రెండేళ్ళ కిందట పెనుకొండ దగ్గర ఒక మిట్ట చేనికి కంది పైరు చూడడానికి, ఒక రైతును వెనుక కూర్చోబెట్టుకుని పోయినాను. రాళ్ళ దోవ, నిలువు ఎక్కుడు. సగం ఎక్కినాక టప్పుమని చెయిను తెగింది. ఇంజను పనిచేస్తూనే ఉంది, చక్రానికి మాత్రం బలం అందలేదు. బండి వెనక్కి జారింది. ఆ పెద్దాయన మోకాలు రాతికి కొట్టుకుని నెల రోజులు మంచం పట్టినాడు. ఆ నెల ఆయన చేను చూసేవారు లేకపోయిరి. తెగింది కొత్త చెయినే! కాని ఖర్చు తగ్గుతుందని పాత పళ్ళ చక్రాలు అలాగే ఉంచి, చెయిను ఒక్కటే మార్పించినాను. అరిగిన పళ్ళు ఆ కొత్త చెయినును తిన్నవి. ఆనాటి నుంచి ఈ సంగతి కొంచెం శ్రద్ధగా నేర్చుకున్నాను.

బండికి రెండు పళ్ళ చక్రాలు ఉంటాయి. మెకానిక్కులు స్ప్రాకెట్లు అంటారు. ఇంజను దగ్గర చిన్నది, వెనుక చక్రం దగ్గర పెద్దది. రెంటినీ కలిపేది చెయిను. ఇరుసు, రోలరు, పక్క రేకులు గల ఈ రకం చెయినుకు 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ అనే ఆయన రూపం ఇచ్చినాడు. నేటికీ దాని తీరు పెద్దగా మారలేదు.

ఇక లెక్క. ముందు 14 పళ్ళు, వెనుక 42 పళ్ళు ఉన్నాయనుకోండి. 42ను 14తో భాగిస్తే 3. అంటే చిన్న చక్రం మూడు చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ముందు ఒక పన్ను తగ్గించి 13 వేస్తే 3.23 వస్తుంది. ముందుది అలాగే ఉంచి వెనుక 45 పళ్ళు వేస్తే 3.21 వస్తుంది. చూశారా! ముందు ఒక్క పన్ను తగ్గించడం, వెనుక మూడు పళ్ళు పెంచడం దాదాపు సమానం. రెంటిలోనూ లాగే బలం నూటికి ఏడెనిమిది వంతులు పెరుగుతుంది. అయితే ఆ బలం ఊరకే రాదు. ఇంజను అదే జోరున తిరిగేటప్పుడు మునుపు 60 కిలోమీటర్ల వేగం వచ్చేచోట ఇప్పుడు 56 వస్తుంది. తారు రోడ్డు మీద ఇంజను అరుపు ఎక్కువ, పెట్రోలు ఖర్చు కూడా పెరగవచ్చు.

పెనుకొండ కొండ ఎక్కేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. నేరుగా ఎక్కితే దూరం తక్కువ, ఆయాసం ఎక్కువ. చుట్టు తిరిగి ఎక్కితే ఆయాసం తక్కువ, దూరం ఎక్కువ. రెండూ ఒకేసారి దొరకవు.

మరి ఎవరు మార్చాలి, ఎవరు మార్చకూడదు?

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోయే రైతును తీసుకోండి. గూళ్ళ మూట చూపుకు పెద్దది, బరువుకు తేలిక. దోవ చాలావరకు తారు రోడ్డు. గూళ్ళు దింపినాక ఎండ ముదరకముందే మార్కెట్టు చేరవలెను. ఆలస్యమైతే గూడు తూకం తగ్గుతుంది. ఈ రైతుకు కంపెనీవారు వేసిన పళ్ళే మంచివి. ఆయనకు కావలసింది నడి దోవలో తెగని చెయిను.

పెనుకొండ చుట్టుపక్కల మిట్ట చేలకు ఎరువు, నీళ్ళ డ్రమ్ములు మోసే రైతు సంగతి వేరు. అయినా తొందరపడవద్దు. గేర్ల బండి అయితే, మామూలు బరువుతో మీ దోవలోని అన్నిటికంటె కష్టమైన ఎక్కుడును మొదటి గేరులో ఎక్కించి చూడండి. ఎక్కితే పళ్ళు మార్చే పని లేదు, గేరు దింపే అలవాటు చేసుకుంటే చాలు. మొదటి గేరులోనూ ఇంజను మూలుగుతూ ఆగిపోతుంటే, క్లచ్చి మాడిన వాసన వస్తుంటే, అప్పుడు ముందు ఒక పన్ను తగ్గించండి, లేదా వెనుక రెండు మూడు పళ్ళు పెంచండి. గేర్లు లేని మోపెడ్డుకు దింపడానికి వేరే గేరు ఉండదు కనుక పళ్ళ తేడా అందులో ఇంకా బాగా తెలుస్తుంది.

ధర్మవరం వైపు చిత్రావతి ఇసుకలో దిగి పోయేవారికి కూడా లాగే బలం కావాలి. కాని ఏడాదిలో ఎన్ని రోజులు ఇసుకలో నడుపుతారు, ఎన్ని రోజులు రోడ్డు మీద నడుపుతారు, లెక్క వేసుకోండి. పది రోజుల ఇసుక కోసం మూడు వందల రోజుల రోడ్డు పాడుచేసుకోవద్దు.

“సార్, ముందు పన్ను తగ్గిస్తే అగ్గువ కదా, అదే చేస్తే పోలా?” అని ఒక రైతు నన్ను అడిగినాడు. అగ్గువే. కాని చక్రం చిన్నదయ్యే కొద్దీ చెయిను మరీ వంగి తిరుగుతుంది, తొందరగా అరుగుతుంది. అందుచేత ఒక పన్నుకు మించి తగ్గించవద్దు. వెనుక పెంచితే చెయిను పొడవు చాలుతుందో లేదో చూసుకోవలెను. ఇంజను వైపు నుంచి వేగం చూపించే మీటరు ఉన్న బండ్లలో పళ్ళు మార్చినాక మీటరు తప్పు చూపుతుంది. గ్యారంటీ గడువు ఉన్న బండి అయితే ముందు డీలరును అడగండి.

విదేశాల్లో రైతులు చేలల్లో, కొండ దోవల్లో నాలుగు చక్రాల ఏటీవీలు తోలుతారు. 1982లో సుజుకి కంపెనీ అటువంటి బండిని తెచ్చింది. వాటిలో చెయినుతో నడిచేవాటికీ ఈ లెక్కే. పెద్ద టైర్లు వేస్తే బలం తగ్గుతుంది, పళ్ళతో సరిచేసుకోవాలి. మన బండికైనా అంతే.

ఇక చెయిను ఎన్నిక. చెయిను మీద 428 అనో, 420 అనో అంకె ఉంటుంది. మొదటి అంకె 4 అంటే ఒక ఇరుసు నుంచి పక్క ఇరుసుకు అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే అర అంగుళం. తక్కిన అంకెలు వెడల్పుకు గుర్తు. 420 కంటె 428 వెడల్పు ఎక్కువ. చివర హెచ్ అక్షరం ఉంటే పక్క రేకులు మందమైనవి, బరువు మోసే బండికి మేలు. మీ పళ్ళ చక్రం ఏ అంకెదో చెయిను కూడా అదే అంకెది కావలెను.

చెయిను అరిగిందా లేదా అన్నది ఇంట్లోనే చూడవచ్చు. వెనుక పళ్ళ చక్రం చివర చెయినును వేళ్ళతో వెనక్కి లాగండి. సగం పన్ను బయటపడితే దాని పని అయిపోయినట్టే. కొలత కావాలంటే, అర అంగుళం చెయినులో 20 లింకులు 254 మిల్లీమీటర్లు ఉండాలి. 259 దాటితే మార్చండి. పళ్ళు కొడవలి మొనలాగా ఒక వైపుకు వంగితే అవీ అరిగినట్టే. మార్చేటప్పుడు మూడూ కలిపి మార్చండి. నేను చేసిన పొదుపు మీరు చేయవద్దు.

చెయిను లాకు వేసేటప్పుడు క్లిప్పు మూసిన కొన చెయిను పోయే దిక్కుకు ఉండాలి. తిరగబడితే ఊడిపోతుంది. చెయిను మరీ బిగిస్తే బేరింగులు చెడతాయి, మరీ వదులైతే పళ్ళ మీద నుంచి ఎగిరిపోతుంది. ఎంత వదులుండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. చక్రం తిప్పుతూ బాగా బిగువున్న చోట కొలవండి. బిగించినాక రెండు వైపుల గీతలు సమానంగా ఉన్నవా, వెనుక బ్రేకు సరిగా పడుతున్నదా చూడండి.

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అన్నారు పెద్దలు. ఎద్దులబండి పోయినా సామెత పోలేదు. మన ఎర్రమన్ను దుమ్ము నూనెలో కలిస్తే ఆకురాయి అవుతుంది. అందుకని మొదట కిరసనాయిలు, మెత్తని బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, తరువాత గేరు నూనె గాని, చెయినుకని అమ్మే నూనె గాని కింది వరస లోపలి వైపు చుక్కలుగా వేయండి. మిగిలింది తుడిచేయండి. ఇంజనులో నుంచి దింపిన నల్ల నూనె వద్దు. అందులో ఇనుప పొడి ఉంటుంది. వంకలో నీళ్ళు దాటిన రోజు తప్పక నూనె వేయండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంజను ఆపకుండా చెయిను తుడవవద్దు. చక్రాన్ని చేత్తోనే తిప్పండి. గుడ్డతో పాటు వేలు కూడా పళ్ళలోకి పోయిందంటే తిరిగి రాదు. పిల్లలకు ఈ పని చెప్పవద్దు.

కష్టమైన ఎక్కుడును చూసి పళ్ళు ఎంచుకోండి, పళ్ళను చూసి చెయిను ఎంచుకోండి. పళ్ళు మార్చడం కొందరికే అవసరం. కందెన మాత్రం అందరికీ అవసరం. రేపు పొద్దున చేనికి బయలుదేరే ముందు చెయినును ఒకసారి వెనక్కి లాగి చూడండి. వెనుక కూర్చునేది మీ వాళ్ళే కదా!