నాలుగు కోట్ల అంకెల ప్రధాన సంఖ్య: అపోహలు – వాస్తవాలు

2024 అక్టోబరులో అమెరికాకు చెందిన లూక్ డ్యురాంట్ అప్పటిదాకా తెలిసినవాటన్నిటినీ మించిన ప్రధాన సంఖ్యను కనుగొన్నారు. 13,62,79,841 రెళ్లను వరసగా గుణించి, ఆ లబ్ధంలోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య అది. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. 'గింప్స్' అనే స్వచ్ఛంద అన్వేషణలో అది బయటపడింది. అంత పెద్ద సంఖ్య అనగానే కొన్ని అపోహలూ వెంట వస్తాయి.

అపోహ: ప్రధాన సంఖ్యల్లో ఇదే ఆఖరుది.

వాస్తవం: ప్రధాన సంఖ్యలకు అంతు లేదు. సుమారు 2,300 ఏళ్ల కిందటే యూక్లిడ్ ఈ సంగతి నిరూపించాడు. కొన్ని ప్రధాన సంఖ్యల లబ్ధానికి 1 కలిపితే, వచ్చినదాన్ని వాటిలో దేనితో భాగించినా 1 మిగులుతుంది. కాబట్టి ఆ జాబితాలో లేని ప్రధాన సంఖ్య మరొకటి ఉండి తీరాలి. అయితే, అలా వచ్చిన సంఖ్యే ప్రధాన సంఖ్య కానక్కర్లేదు. 2, 3, 5, 7, 11, 13ల లబ్ధానికి 1 కలిపితే 30031 వస్తుంది. దానికి 59, 509 కారణాంకాలు.

అపోహ: బ్యాంకు లావాదేవీలను కాపాడేది ఈ భారీ సంఖ్యలే.

వాస్తవం: కాదు. ఆర్‌ఎస్‌ఏ అనే సంకేత పద్ధతిలో 2048 బిట్ల తాళానికి ఒక్కోటి సుమారు 300 అంకెలుండే రెండు ప్రధాన సంఖ్యలు చాలు. అవి రహస్యంగా ఉండటమే ముఖ్యం. లోకమంతటికీ తెలిసిన సంఖ్య అందుకు పనికిరాదు.

అపోహ: గుణించే రెళ్ల లెక్క ప్రధాన సంఖ్య అయితే ఫలితమూ ప్రధాన సంఖ్యే.

వాస్తవం: ఆ షరతు తప్పనిసరే కానీ, అదొక్కటే సరిపోదు. 11 రెళ్ల లబ్ధంలోంచి 1 తీసేస్తే 2047. అది 23, 89ల లబ్ధం. ఇలాంటి సంఖ్యలకు పేరిచ్చిన ఫ్రాన్స్ మతాచార్యుడు మారిన్ మెర్సెన్ కూడా 1644 నాటి తన జాబితాలో 67ను పొరపాటున చేర్చాడు. 1903లో అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ 67 రెళ్ల లబ్ధంలోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యను విడగొట్టి చూపాడు: 193707721 × 761838257287.

అపోహ: ప్రధాన సంఖ్య అవునో కాదో తేలాలంటే ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోవాల్సిందే.

వాస్తవం: కోల్ కంటే ముందే, 1876లో, ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వార్డ్ లూకా ఒక్క కారణాంకమూ దొరకకుండానే ఆ 67 తప్పని తేల్చాడు. తర్వాత గణితవేత్త డి.హెచ్. లేమర్ ఆయన పద్ధతికి మెరుగులు దిద్దాడు. మొదట 4 తీసుకోవాలి. దాని వర్గంలోంచి 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే పని. రెళ్ల లెక్క కంటే రెండు తక్కువ మెట్లు వేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్యే.

31 సంగతి చూద్దాం. అయిదు రెళ్లు కాబట్టి మూడు మెట్లు. మొదటి మెట్టులో 14. రెండోదాంట్లో 194 వస్తే, శేషం 8. మూడోదాంట్లో 62, శేషం సున్నా. 31 నెగ్గింది!

మెర్సెన్ సంఖ్యలే కాక ఏ సంఖ్యకైనా వర్తించే వేగవంతమైన, కచ్చితమైన పరీక్షను 2002లో కాన్పూర్ ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు.

ఇక కాగితం, పెన్ను తీసుకుని 127ను మీరే పరీక్షించండి. ఏడు రెళ్లు కాబట్టి అయిదు మెట్లు, చివర సున్నా రావాలి.