పల్లెపట్టుల ప్రకృతివనములు

పట్టణములయందే గాక పల్లెలయందును ఉద్యానములు వెలయవలెనను కోరిక నానాటికి ప్రబలుచున్నది. తెలంగాణమున 2020వ సంవత్సరమునుండి పల్లె ప్రకృతి వనముల పేర ఊరూర మొక్కలు నాటించిరి. ఉద్దేశము శ్లాఘ్యమే. కాని మొక్క నాటుట యొక యెత్తు, మూడవయేటి వేసవిలో దానిని బ్రదికించుట యొక యెత్తు. కంచెయు, పచ్చికబయలును, సిమెంటు జింకలును ఉన్నంతమాత్రమున అది ప్రకృతివనము కానేరదు. ఊరి నీటితో, ఊరి మన్నుతో, ఊరి చెట్లతో తనంతట తాను నిలిచి, గ్రామమునకు భారము గాక యూతయైనదే ప్రకృతివనమని మా యభిప్రాయము.

అట్టి దానికి నిదర్శనము వెదకుటకు దేశాంతరము పోనక్కరలేదు. సూళ్ళూరుపేటకు ఉత్తరమున నేలపట్టు కలదు. పూర్వము నెల్లూరు జిల్లాలోనిదైన యీ యూరు 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఇచ్చటి చెరువును, పరిసరారణ్యమును కలిపి 1976లో పక్షిసంరక్షణకేంద్రముగా ప్రకటించిరి. వైశాల్యము సుమారు 459 హెక్టారులు. ఈశాన్య ఋతుపవనముల వానలకు చెరువు నిండగనే నీటికడప చెట్లు మొదళ్ళు మునిగి నిలుచును. వానిపై గూడబాతులు గూళ్ళు కట్టును. చుట్టును నీరుండుటచే నక్కలు మొదలగునవి గూళ్ళను సమీపింపజాలవు. పక్షులు పులికాటు సరస్సునకు పోయి చేపలను వేటాడి తెచ్చి పిల్లలను పెంచును. వాని రెట్టలు కలిసిన చెరువునీరు పొలమునకు ఎరువువలె పనిచేయునని రైతులు చెప్పుదురు.

ఈ వనమునకు శిల్పి యెవ్వడు? చెరువు త్రవ్వించిన పూర్వులు, గట్టు కాపాడిన రైతులు, పక్షిజోలికి పోని గ్రామస్థులు. కావున వనమును నిర్మింపబూనువారు మొదట విచారింపవలసినది పూలమొక్కల జాబితా కాదు. నీ రెచ్చటినుండి వచ్చును? ఎన్ని నెలలు నిలుచును? ఎచ్చటికి పోవును? అనునవియే. చెరువునకు నీరు తెచ్చు వాగులు ఆక్రమణపాలైనచో లోపల ఎన్నివేలు వెచ్చించినను ఫలము శూన్యము. నేలపట్టు పక్షి పులికాటులో తినుచున్నదిగదా. వనమునకు కంచెయే యెల్ల యనుకొనుట పొరపాటు.

ఇక నిర్మాణమునకు వత్తము. బాటలు గట్టుమీది మట్టిబాటలుగ నుండవలెను. సిమెంటు పఱచినచో వాననీరు నేలలో నింకదు. బండ్లు నిలుపు తావును, అంగళ్ళును చెరువునకు దూరముగ నుండవలెను. గూళ్ళు కట్టు కాలమున మైకుల రొదయు, రాత్రి దీపముల వెలుగును కూడవు. కానుగ, నేరేడు, మద్ది, రావి మున్నగు దేశవాళి చెట్లు నాటవలెను. సర్కారుతుమ్మను తొలగింపవలసినదే కాని, పక్షులు గూళ్ళు కట్టిన చెట్టును మాత్రము వేఱుచెట్టు పెరుగువఱకు ఉంచుట మేలు. వేసవిలో పూడిక తీసి ఆ మన్ను పొలములకు తోలించినచో చెరువునకును చేనికిని ఉపకారమే.

ఇచ్చట రైతు ఒక ప్రశ్న వేయును. "చేను ఎండుచుండగా పక్షికై చెరువులో నీ రుంచవలెనా?" ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. కొల్లేటి కథ మనమెరుగుదుము. 1999లో అయిదవ కాంటూరు వఱకు సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటించిరి. నీటిపారుదల కడ్డమైన చేపలచెరువుల గట్లను 2006లో తెగగొట్టించిరి. సరస్సును రక్షింపవలసిన మాట నిజమే. కాని అందు జిరాయితీ భూములు గలవారి గోడు తీరక వివాదము ఏండ్లతరబడి సాగినది. ముందుగా తీరువడి చేయని హక్కు పిమ్మట తగవై తీరును.

దీనికి భిన్నముగా చెంగల్పట్టు ప్రాంతపు వేడంతాంగలు గ్రామస్థులు తమ చెరువుపక్షులను వేటకాండ్రనుండి కాపాడుకొనుటకై 1798లోనే కలెక్టరుచే కౌలు వ్రాయించుకొనిరి. పక్షి బ్రదికినచో తమ పైరు బాగుపడునని వా రెరుగుదురు. ఆ చెరువు సుమారు 74 ఎకరములే యైనను నేటికిని పక్షులకు నెలవై యున్నది.

కావున మేము కోరున దిది. వన మేర్పరచుటకు పూర్వమే ఆయకట్టుదారులును గ్రామసభయు కూర్చుండి, ఏ నెలవఱకు ఎంత మట్టము నీరు నిలుపవలెనో, నీరు చాలనియేట ఎవరి కెంత నష్టపరిహార మీయవలెనో, ప్రవేశరుసుములో గ్రామమునకు భాగమెంతయో కాగితముపై వ్రాసికొనవలెను. కాపలాపనియు, వచ్చువారికి దారిచూపు పనియు ఆ యూరి యువకులకే యీయవలెను. చూడవచ్చు పట్టణవాసులారా, మీ చెత్త మీతోడనే తీసికొనిపొండు. భూస్వాములారా, మీ పొలమునందలి పురుగుమందు చెరువులోనికి దిగకుండ చూడుడు. చెరువుకట్ట గట్టిగ నున్నయెడల వనమును, పైరును రెండును దక్కును. అది తెగినచో రెండును లేవు.