గొంతు బాగున్నా హజ్ సూది ఎందుకు?

"గొంతు నొప్పి లేదు, జ్వరం లేదు, మరి ఈ సూది ఎందుకు?" ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఏ ఊరి నుంచి హజ్‌కు బయలుదేరినా అబ్బా, దాదీ అడిగే మాట ఇదే. జవాబు ఆ బాగున్న గొంతులోనే ఉంది.

ఏ జబ్బూ లేని మనిషి గొంతులో కూడా రకరకాల బ్యాక్టీరియా కాపురం చేస్తుంటాయి. వాటిని గుర్తుపట్టడానికి ల్యాబ్‌లో గొంతులో దూది పుల్ల తిప్పి, గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీద పూస్తారు. మరుసటి రోజుకు చిన్న చిన్న చుక్కలు లేస్తాయి. చుక్క చుట్టూ రక్తం ఆకుపచ్చగా మారితే అది చాలావరకు గొంతులో మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్. రక్తం పూర్తిగా కరిగిపోతే బీటా రకం. ఈ రకాన్ని 1933లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అక్షరాల పేర్లతో గ్రూపులుగా విడదీశారు. పిల్లల్లో గొంతునొప్పికి, ఆ తర్వాత గుండె కవాటాలు చెడగొట్టే రుమాటిక్ జ్వరానికి మూలం అందులోని ఎ గ్రూపు. కాబట్టి రిపోర్టులో స్ట్రెప్టోకాకస్ అని కనిపించగానే మెడికల్ షాపుకు పరుగెత్తడం కాదు, అది ఏ రకమో డాక్టరును అడగాలి.

ఇంకో కుటుంబం నైసీరియా. సూక్ష్మదర్శినిలో రెండు కాఫీ గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు జంటగా కనిపిస్తాయి. గొంతులో ఉండేవాటిలో చాలావాటితో మనకు అపాయం లేదు. మెనింగోకాకస్ మాత్రం వేరు. మామూలు రోజుల్లోనే పదిమందిలో ఒకరి దాకా గొంతులో ఇది ఉండొచ్చు, వాళ్లకు తెలియను కూడా తెలియదు. అరుదుగా రక్తంలోకి దిగితే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు వస్తుంది. గంటల్లోనే ప్రాణం మీదకు తెస్తుంది. దీని పైపొరను బట్టి 12 గ్రూపులు చేశారు.

1987 హజ్‌లో ఎ గ్రూపు వ్యాపించింది. 2000లో డబ్ల్యూ గ్రూపు వచ్చింది. ఆ ఏడాది బ్రిటన్, ఫ్రాన్స్‌లలో, హజ్‌కు వెళ్లనే లేని ఇంటివాళ్లు కూడా జబ్బుపడ్డారు. ఇంటికి బాగానే చేరిన హాజీల గొంతులోనే అది వచ్చింది మరి! 2002 నుంచి ఎ, సి, డబ్ల్యూ, వై నాలుగింటికీ పనిచేసే టీకా తప్పనిసరి చేశారు.

సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. కార్డు పాస్‌పోర్టుతోపాటే పెట్టుకోవాలి. ఉమ్రాకు వెళ్లేవాళ్లు ఆ ఏడాది నిబంధన ఏమిటో ముందే కనుక్కోవాలి. ఈ టీకాలో బి గ్రూపు లేదు. అందుకే తిరిగొచ్చాక ఇంట్లో ఎవరికైనా గట్టి జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, వాంతులైనా, ఒంటిమీద ఊదారంగు మచ్చలు లేచినా, "పొద్దున చూద్దాంలే" అనకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.